గట్టు మీద మనిషి

లక్ష్మీప్రసన్న చేసే ఉద్యోగమేమిటో అత్తగారింట్లో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. అమలాపురంలో ఎరువుల కొట్టు మీది మేడలో ఆఫీసు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్తుంది, దీపాలవేళకి వస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. అక్కడ చేసేదేమిటని ఎవరైనా అడిగితే మాత్రం అత్తగారు భవానీదేవి "ఏదో కంప్యూటర్‌కి కబుర్లు రాస్తుందండి మా కోడలు" అనేసి చేతులు దులుపుకుంటుంది. మొగుడు మధుబాబుకి రావులపాలెం అరటి మార్కెట్టు తప్ప లోకం పట్టదు. అతనికి ఆ ఉద్యోగం గురించి తెలిసింది జీతం పడే తారీఖు ఒక్కటే.

చప్పున అర్థమైంది బుల్లబ్బాయి మావయ్యకే. రొయ్యల చెరువుల రైతులు ఫోన్ చేస్తే అవతల మనిషికి బదులు ఏఐ ఏజెంట్ పలుకుతుంది. ఆడగొంతు కాబట్టి రైతులంతా దాన్ని ఫోనమ్మాయి అంటారు. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆపమంటే ఆపుతుంది, వెయ్యమంటే వేస్తుంది, ఐసు కావాలంటే ఐసు ఫ్యాక్టరీకి కబురు పెడుతుంది. ఒక్కో పనికీ దాని చేతికి ఒక్కో టూల్ ఇచ్చారు. అయితే ఏ టూల్ ఎందుకో, ఎప్పుడు తియ్యాలో, తీసే ముందు రైతుని ఏమడగాలో దానికి పుట్టుకతో రాదు. ఎవరో ఒకరు రాసిపెట్టాలి. అది చదువుకుని, రాసింది రాసినట్టు చేస్తుంది. ఆ రాసేది ప్రసన్న.

"అంటే చెరువు మీదకి కొత్తగా వచ్చినోడికి పని చెప్పడవన్నమాట," అన్నాడు బుల్లబ్బాయి. "ఆడికేం తెల్దు. చేతికి పార ఇచ్చి ఎక్కడ తవ్వాలో చెప్పాపోతే గట్టే తవ్వేత్తాడు."

సఖినేటిపల్లి దాటి కాలవ వెంట దిగువకి పోతే కృష్ణమోహన్ గారి చెరువులు. బుల్లబ్బాయి వాటికి కాపలా. గట్టు మీద రేకుల షెడ్డులో పెళ్లాం వీరాయమ్మతో ఉంటాడు. ప్రసన్న తల్లి చిట్టెమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆ తల్లి ఇప్పుడు లేదు. పుట్టింటివైపు ప్రసన్నకి మిగిలింది ఆ షెడ్డొక్కటే.

పాపకి చెవులు కుట్టించాలని ముహూర్తం పెట్టాక ప్రసన్న మొదటి ఫోను అక్కడికే చేసింది. చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్లో కూర్చోవాలి. తనకి అన్నదమ్ములు లేరు కాబట్టి తనని కూర్చోబెట్టుకున్న ఒళ్లోనే పాపా కూర్చోవాలంది.

"నేనెలాగొత్తానమ్మాయ్? రొయ్య పట్టుబడికొచ్చే టైము. ఇప్పుడు చెరువొదిలి కదలకూడదు."

"ఒక్క రాత్రికే మావయ్యా. మేత పక్క చెరువు సూరిబాబు చల్లుతాడు. ఏరేటర్ల సంగతి ఫోనమ్మాయి చూసుకుంటుంది."

"చూసుకుంటదంటావా?"

"నేను రాసిందే కదా!"

అవతల ఏరేటర్ల హోరు వినిపిస్తోంది.

"నువ్వు రాసిందైతే ఇంకేటి. వత్తాను," అన్నాడు.

కృష్ణమోహన్ గారిని అడిగితే ఆయన కూడా కాదనలేదు. "వెళ్లిరా బుల్లబ్బాయీ. దానికోసమే కదా ఫోను మాట వినే ఆ స్విచ్చి పెట్టె బిగించింది," అన్నారు.

ముందురోజు పొద్దువాలకుండానే మావయ్యా అత్తా బస్సు దిగారు. వీరాయమ్మ చేతిసంచీలో పాపకి కొత్త గౌను, బుల్లబ్బాయి చేతిలో రొయ్యల పొట్లం. ఆ రొయ్యలు రాజోలు బజార్లో బేరమాడి కొన్నవి. చెరువు మీద బతుకుతూ అందులోంచి ఒక్క రొయ్య తన ఇంటికి తెచ్చుకోడు ఆయన. వీరాయమ్మ ఈ మాట చెప్పి నవ్వింది. "రొయ్యల మధ్య కాపరం, రొయ్యలకి బజారు," అని ఎత్తిపొడిచింది. భవానీదేవి కూడా నవ్వింది.

సాయంత్రం మేతవేళకి బుల్లబ్బాయి వీధి అరుగు మీదకి వెళ్లాడు. మేత చెదిరిపోకుండా అప్పుడు కాసేపు ఏరేటర్లు ఆపుతారు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, మొహానికి ఎదురుగా పెట్టుకుని, కాలవ అవతలి మనిషిని కేకేసినట్టు మాట్లాడాడు.

"అమ్మా, బుల్లబ్బాయినండి. కృష్ణమోహన్ గారి పెద్ద చెరువండి. మేతేత్తన్నారు. ఏరేటర్లు ఆపండమ్మా."

"అలాగేనండీ బుల్లబ్బాయి గారూ. పెద్ద చెరువులో ఏరేటర్లు ఆపేశాను. ఇంకేమైనా చేయమంటారా?"

"ఆయ్, అంతేనండి. ఉంటానండి."

ఫోను జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "బుల్లబ్బాయి గారూ అందమ్మాయ్! కృష్ణమోహన్ గారి నోటెంట కూడా ఆ మాట రాలేదెప్పుడూ," అన్నాడు.

భోజనాల వేళ దాకా మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాడు. అరుగు మీదకీ వంటింటి గుమ్మంలోకీ తిరిగాడు. ప్రసన్న రొయ్యల కూరలో చింతచిగురు నలిపి వేస్తోంది.

"ఈపాటికి ఏసేసుంటదా అమ్మాయ్?"

"వేసేసుంటుంది మావయ్యా. ఇక్కడికొచ్చి కూడా చెరువేనా? నువ్వు ముందు కాళ్లు కడుక్కో, వడ్డిస్తాను," అంది ప్రసన్న, కూరలోంచి తల తిప్పకుండానే.

పొద్దున్న కంసాలి వచ్చాడు. పాపని బుల్లబ్బాయి ఒళ్లో పెట్టుకుని, తల తన గుండెకి అదిమి పట్టుకున్నాడు. కుడి చెవి కుడుతుండగా జేబులో ఫోను మోగింది. ఆయన చెయ్యి తియ్యలేదు. వీరాయమ్మే వంగి, జేబులోంచి తీసి, పక్కకి వెళ్లి చెవిన పెట్టుకుంది.

ప్రసన్న అత్త మొహమే చూస్తోంది. అటువైపు ఎవరో గట్టిగా అరుస్తున్నారు. వీరాయమ్మ "ఆయ్... ఆయ్..." అని రెండుసార్లు అని ఫోను ఆపేసింది. వచ్చి మొగుడి వెనకాల నిలబడింది. ఒక చెవి కుట్టి రెండోది ఆపకూడదు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఎడమ చెవి కూడా అయ్యేదాకా, తీగ మెలి తిప్పేదాకా, కంసాలి చేతులు తుడుచుకునేదాకా అలాగే నిలబడింది.

అప్పుడు చెప్పింది. "చెరువు పోయిందంట."

బుల్లబ్బాయి తన తువ్వాలుతో పాప కళ్లు తుడిచాడు, ముక్కు తుడిచాడు. పిల్లని ప్రసన్న చేతికిచ్చి లేచాడు.

ప్రసన్న పాపని అత్తగారి చేతిలో పెట్టి వాళ్లతోపాటే ఆటో ఎక్కింది. రాజోలు దాటాక బుల్లబ్బాయి ఒక్కమాట అన్నాడు. "సూరిబాబు ఎల్లేతలికి ఏరేటర్లు ఆగున్నాయంట. రాత్రంతా ఆగే ఉన్నాయంట." ఎవరితో చెబుతున్నాడో తెలీలేదు.

సూరిబాబు చెప్పింది చెప్పినట్టు మేత చల్లి, తెప్ప కట్టేసి, కాలవ అవతల తన చెరువుకి తాను పోయాడు. అక్కడ తన ఏరేటర్ల హోరులో ఇక్కడి నిశ్శబ్దం అతనికి వినపడలేదు. నీళ్లలో గాలి తగ్గితే కబురు చేసే ఆక్సిజన్ మీటరు పెద్ద చెరువుకి ఇంకా బిగించలేదు. ముందు స్విచ్చి పెట్టె చాలన్నారు కృష్ణమోహన్ గారు. గాలాడని నీళ్లలో రొయ్య తెల్లారేదాకా బతకదు.

వాళ్లు వెళ్లేసరికి ఏరేటర్లు తిరుగుతున్నాయి. పొద్దున్న సూరిబాబు వేశాడు. ఇంకెవరికోసమో తెలీదుగానీ గలగలా నీళ్లు చిమ్ముతున్నాయి. గట్ల వారన రొయ్యలు తెల్లగా పేరుకుపోయి ఉన్నాయి. ఆడకూలీలు మోకాళ్ల లోతున దిగి బుట్టలకెత్తుతున్నారు. చుట్టుపక్కల చెరువుల కాపలావాళ్లంతా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. చావింటికొచ్చినట్టు ఎవరూ గొంతు పెంచి మాట్లాడటం లేదు.

కృష్ణమోహన్ గారు కేకలేసే మనిషి కాదు. చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. బుల్లబ్బాయి దగ్గరికి రాగానే తల కూడా తిప్పకుండా అడిగారు.

"ఆపమన్నోడివి మళ్లీ వెయ్యమని చెప్పక్కర్లేదా బుల్లబ్బాయీ?"

"ఆయ్," అన్నాడు బుల్లబ్బాయి.

కృష్ణమోహన్ గారు ప్రసన్న వాళ్ల కంపెనీ యజమానికి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. సాయిదుర్గాప్రసాద్ గొంతు గట్టు మీద అందరికీ వినపడింది. "నిన్నటి ఫోను రికార్డింగు మొత్తం విన్నామండీ. మా ఏజెంట్ చెప్పింది చెప్పినట్టే చేసిందండి. ఇంకేమైనా చేయాలా అని కూడా అడిగింది. ఆయనే 'అంతే' అన్నారండి. మావైపు లోపమేమీ లేదండి."

"విన్నావుగా," అన్నారు కృష్ణమోహన్ గారు. "ఇప్పటికిప్పుడు షెడ్డు ఖాళీ చెయ్యమననులే. వారం ఆఖరుకి ఇంకో చోటు చూసుకో. తాళాలు సూరిబాబుకిచ్చెయ్."

ఆ గట్ల మీద రివాజు ఒకటుంది. చెరువు పోగొట్టిన కాపలావాడిని ఇంకో చెరువు మీదకి ఎవరూ పిలవరు. దొంగతనం చేసినవాడినైనా ఎవరో ఒకరు పనిలో పెట్టుకుంటారుగానీ వీడిని పెట్టుకోరు. ఏ గట్టు మీద కాలు పెట్టినా వెనకాల ఆ మాట వస్తుంది. ఇది బుల్లబ్బాయికి తెలుసు, వీరాయమ్మకి తెలుసు, నిలబడి చూస్తున్న అందరికీ తెలుసు.

ప్రసన్న నోరు తెరిచింది. ఏం చెప్పాలో ఇంకా తెలీదు, ఏదో చెప్పాలి. బుల్లబ్బాయి ఆమె ముంజేతి మీద చెయ్యేసి నొక్కాడు.

"నువ్వు మాటాడకమ్మాయ్. ఆ కంపెనీ నీది," అన్నాడు మెల్లిగా.

తర్వాత చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, ఎవరూ చెప్పకుండానే నీళ్లలోకి దిగాడు. ఆడకూలీల పక్కన చేరి చచ్చిన రొయ్యల్ని రెండు చేతులా ఎత్తి బుట్టల్లో వేశాడు. సాయంత్రం దాకా వేస్తూనే ఉన్నాడు. ప్రసన్న ఆయన చొక్కా పట్టుకుని గట్టు మీద నిలబడి ఏడ్చింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్లగానే ప్రసన్న ఏరేటర్లు ఆపే టూల్‌కి తను రాసింది తెరిచింది. రెండే వాక్యాలు. "ఇది చెప్పిన చెరువులో ఏరేటర్లను ఆపుతుంది. మేత వేసేటప్పుడు రైతు ఆపమంటే దీన్ని వాడాలి." ఇంత పొందిగ్గా ఎవరూ రాయరని సాయిదుర్గాప్రసాద్ మెచ్చుకున్నాడు అప్పట్లో.

అది రాసే ముందు ప్రసన్న మావయ్య దగ్గరికే వెళ్లి పని చూసింది. బుల్లబ్బాయి స్విచ్చి ఆపేవాడు. నీళ్లు తేరుకునేవి. తెప్ప మీద వెళ్లి మేత చల్లి వచ్చి, మళ్లీ స్విచ్చి స్తంభం దగ్గరే నిలబడేవాడు. వీరాయమ్మ ఎన్ని కేకలేసినా అక్కడినుంచి కదిలేవాడు కాదు. రొయ్య మేత తిన్నదని చూసి, తన చేత్తో స్విచ్చి వేసి, అప్పుడు అడుగు తీసేవాడు. ఆపినవాడు వేసేదాకా అక్కడే ఉండాలి. ఒక్క బుల్లబ్బాయే కాదు, ఆ చెరువుల మీద అందరూ అంతే. మేతకి ఆపి వెయ్యకపోవడమనేది ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లెవరూ ఎరగరు. అన్నం తినడానికి నోరు తెరిచినవాడు మళ్లీ ముయ్యాలని ఎవరు రాస్తారు? ప్రసన్నా రాయలేదు. కళ్లారా చూసింది, అది చెప్పాల్సిన సంగతనే తోచలేదు. బయటనుంచి వచ్చినవాళ్లెవరైనా రాసుంటే ముందు అదే అడిగేవాళ్లు: ఆపాక ఎప్పుడు వెయ్యాలి, ఎవరు వెయ్యాలి అని. తను ఆ నీళ్ల పక్కన పుట్టిన పిల్ల కాబట్టి అడగలేదు. ఫోనమ్మాయి ఆ నీళ్ల పక్కన పుట్టలేదు.

సాయిదుర్గాప్రసాద్ గదిలోకి వెళ్లి అదే చెప్పింది.

"మీరు రాసిందాంట్లో తప్పేముంది ప్రసన్న గారూ? ఆపుతుందని రాశారు, ఆపింది."

"తర్వాత ఏంటో రాయలేదండి."

"మళ్లీ వెయ్యమని ఆయన చెప్పాలి కదండీ."

"ఇక్కడ ఎవరు చెప్తారండీ? రొయ్యలు పెంచే మీ నాన్నగారైనా చెప్తారా ఆయన చెరువు మీద? మేతకి ఆపమంటే మళ్లీ వెయ్యడం కూడా అందులోనే ఉందనుకుంటారు. ఉందని దానికి నేను చెప్పాలి. లేకపోతే రైతుని అడిగి తెలుసుకోమని చెప్పాలి. రెండూ చెయ్యలేదు. మావయ్యనేమో అందరి ముందూ తప్పు నీదేనన్నారు."

సాయిదుర్గాప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. మంచివాడే. వయసు చిన్నది, భయం పెద్దది. "తప్పు మనదంటే రేపట్నుంచి ఏ చెరువు పోయినా మనమీదకే వస్తారండి," అన్నాడు.

"మీరు చెప్పకపోతే నేను చెప్తానండి. ఆ తర్వాత నన్ను తీసేసినా సరే."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఈ సాయంత్రం కూడా ఎక్కడెక్కడో రైతులు మేతకి ఏరేటర్లు ఆపమంటారు. ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది, చటుక్కున లేచాడు.

"ముందు అది సరిచెయ్యండి. వెళ్లి చెప్పేటప్పుడు నేనూ వస్తాను."

ప్రసన్న కూర్చుని రాసింది. ఇంతకుముందెప్పుడూ అలా రాయలేదు. ఈ టూల్ ఒంటరిగా వాడేది కాదు. ఆపే ముందు గట్టు మీద ఎవరున్నారో అడగాలి. ఎంతసేపటికి మళ్లీ వెయ్యాలో అడగాలి. రైతు చెప్పకపోతే మేత తినే వేళ దాటగానే తనే వెయ్యాలి. వేశాక, తిరుగుతున్నాయో లేదో చూసి చెప్పమని గట్టు మీది మనిషికి ఫోన్ చెయ్యాలి. ఎవరూ ఎత్తకపోతే యజమానికి చెయ్యాలి. ఎవరో ఒకరు చూశామనేదాకా పని అయినట్టు కాదు. ఒక్కో వాక్యం రాస్తుంటే స్తంభం దగ్గర నిలబడ్డ బుల్లబ్బాయే కనిపిస్తున్నాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ రాసింది. ఆఫీసులో ఉన్న ఖాళీ స్విచ్చి పెట్టె మీద ఎన్నో రకాలుగా చెప్పి చూశారు. ఎలా చెప్పినా ఫోనమ్మాయి ఆపింది, అడిగింది, మళ్లీ వేసింది.

ఆ మర్నాడు ఇద్దరూ చెరువు దగ్గరికి వెళ్లారు. కృష్ణమోహన్ గారు షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్క చెరువుల ఆసాములు కూడా ఒకరిద్దరు వచ్చి ఉన్నారు. బుల్లబ్బాయి దూరంగా వలలు ఆరేస్తున్నాడు. ప్రసన్న నిలబడే మొత్తం చెప్పింది. ఏం రాసిందో, ఏం రాయలేదో, ఎందుకు రాయలేదో.

"మావయ్య చెప్పాల్సిందే చెప్పేడండి. నలభై చెరువుల మీద ఎవర్ని అడిగినా అలాగే చెప్తారు. అది అర్థం చేసుకునేలా నేను రాయలేదు. చెరువు పోయింది నావల్లండి, ఆయన వల్ల కాదు."

కృష్ణమోహన్ గారు సాయిదుర్గాప్రసాద్ వంక చూశారు. అతను తల దించుకుని, "అవునండి. ఫోన్లో నేను తప్పు చెప్పేను," అన్నాడు. తర్వాత తన ఫోను తీసి, చిన్న చెరువు పేరు చెప్పి, బుల్లబ్బాయి అన్న మాటలే అన్నాడు.

"అలాగేనండీ. గట్టు మీద ఎవరైనా ఉన్నారాండీ? మేత తినడం అయ్యాక నేనే మళ్లీ వేసి మీకు ఫోన్ చేస్తాను. తిరుగుతున్నాయని మీరు చూసి చెప్పేదాకా చేస్తూనే ఉంటానండీ," అంది ఫోనమ్మాయి.

కృష్ణమోహన్ గారు ఫోను తన చేతిలోకి తీసుకున్నారు. గట్టిగా చెప్పి చూశారు, గొణిగి చూశారు, సగం చెప్పి పెట్టేసి చూశారు. అది ఏదీ వదల్లేదు. ఆయన లేచి నిలబడి వలల వైపు కేకేశారు.

"బుల్లబ్బాయీ! ఇలా రా. నీ తప్పేం లేదు. వీళ్లందరి ముందూ చెప్తున్నాను. చెరువు నువ్వు పోగొట్టలేదు."

బుల్లబ్బాయి తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చాడు. నిలబడ్డాడు. "ఆయ్. ఆయ్ అండి," అన్నాడు. ప్రసన్న గుండె మీదినుంచి బండ దిగిపోయినట్టయింది. షెడ్డు గుమ్మంలో వీరాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కృష్ణమోహన్ గారు మళ్లీ కూర్చున్నారు. సాయిదుర్గాప్రసాద్ వైపు తిరిగారు.

"అయితే లోపమంతా రాతలోదేనన్నమాట."

"అవునండి."

"రాత సరిగ్గా ఉంటే అది మర్చిపోదు. ఊరెళ్లదు. నిద్రపోదు."

"పోదండి."

"మరి వచ్చే పంటకి అన్ని చెరువులకీ ఆ పెట్టెలు బిగించెయ్యండి, మీటర్లతో సహా. ఇంక గట్టు మీద మనిషెందుకు? రోజూ పొద్దున్న ఒక కూలోడొచ్చి చూసి పోతే చాలు." ఆ మాట బుల్లబ్బాయి ముందే అంటున్నానని గుర్తొచ్చినట్టుంది, గొంతు మెత్తబరిచారు. "నిన్ను ఈ వయసులో ఎండా వానా పెట్టడం నాకూ బాగోదు బుల్లబ్బాయీ. పరువుగా వెళ్తున్నావు, అంతకంటే ఏం కావాలి! వెళ్లే ముందు నీకు తెలిసినవన్నీ అమ్మాయికి చెప్పు. శుభ్రంగా రాసుకుంటుంది."

పక్క చెరువుల ఆసాములు అప్పటికే సాయిదుర్గాప్రసాద్ దగ్గరికి చేరి, మా చెరువులకెప్పుడు బిగిస్తారని అడుగుతున్నారు. ప్రసన్నకి వాళ్ల మాటలు వినపడుతున్నాయిగానీ బుర్రకెక్కడం లేదు. మావయ్య పేరు నిలబెట్టాలని వచ్చింది. నిలబెట్టింది. ఆ పేరు పట్టుకుని ఆయన వెళ్లడానికి ఇప్పుడు ఏ గట్టూ లేకుండా చేసింది కూడా తనే. ఇంత బాగా రాసి ఉండకపోతే బాగుండునని, జీవితంలో మొదటిసారి, అక్కడ నిలబడి అనుకుంది.

అందరూ వెళ్లాక షెడ్డు ముందు మంచం వాల్చుకున్నారు. ప్రసన్న ఒళ్లో ల్యాప్‌టాప్. బుల్లబ్బాయి ఎదురుగా కూర్చున్నాడు. తప్పు లేదన్న మాట తెచ్చిన వెలుగు ఆయన మొహంలో ఇంకా ఉంది. వీరాయమ్మ దండెం మీది బట్టలు తీసి మడత పెడుతోంది.

"మబ్బు పట్టిన సాయంత్రం మేత తగ్గించాల," మొదలుపెట్టాడు.

"ఎంత తగ్గించాలి? ముందు ఏం చూసి తెలుసుకోవాలి?"

చెప్పాడు. ప్రసన్న రాసింది. కొంగలు గట్టువార ఒకేచోట గుమిగూడితే అక్కడ రొయ్య పైకొచ్చిందని అర్థం. అప్పుడు ఏం చెయ్యాలి? ముందు ఏ ఏరేటరు వెయ్యాలి? అది పనిచెయ్యకపోతే? ఎవరూ పలకకపోతే? ఒకదాని వెనక ఒకటి అడిగింది. ఈ ప్రశ్నలు మొదటిసారి రాసినప్పుడే అడిగి ఉంటే అనుకుంటూనే అడిగింది.

"ఎంత బాగా అడుగుతున్నావమ్మాయ్!" అన్నాడు బుల్లబ్బాయి. "ఇన్నేళ్లలో ఇంత ఇదిగా నన్నెవరూ అడగలేదు."

ప్రసన్న వేళ్లు ఆగాయి. ఏదో ఒకటి వదిలేస్తే? ఒక్క సంగతి, ఆయనొక్కడికే తెలిసింది, రాయకుండా దాచేస్తే మళ్లీ ఆయన కోసం రావాలి కదా. కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

బుల్లబ్బాయి ఆ చేతుల వంక చూశాడు.

"ఆయనన్నది నేనూ ఇన్నానమ్మాయ్. చెవుడు లేదు నాకు," అన్నాడు. "సగం రాసి ఒదిలేత్తే ఇంకోడి చెరువు పోద్ది. ఆడికి నీలాంటి మేనకోడలుంటదో లేదో. రాయి."

ప్రసన్న రాసింది. కళ్లు మసకబారి అక్షరాలు కనపడకపోయినా రాసింది. షెడ్డులో గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. బుల్లబ్బాయి రాత్రి కాపలా సంగతికి వచ్చాడు. పడుకునే ముందు గట్టు చుట్టూ ఓసారి తిరగాల. తూములు చూడాల. కోడికూత ముందు మళ్లీ లేచి తిరగాల, రొయ్యకి ప్రాణాపాయం అప్పుడే. టార్చి వేసి గట్టువార చూడాల, రొయ్య కళ్లు మెరిస్తే పైకొచ్చిందన్నమాట.

"పైకి రాకపోతే?"

"రాకపోతే బాగున్నట్టే."

"తర్వాత ఏం చెయ్యాలి?"

"తర్వాతేముంది, తెల్లారిపోద్ది," అన్నాడు బుల్లబ్బాయి. "మీ అత్త టీ ఎట్టి కేకేత్తది. అలా ఆ గట్టు చివర్నుంచి నడుచుకుంటా వత్తాను."

ప్రసన్న తలెత్తి చూసింది.

"అది దానికక్కర్లేదులే అమ్మాయ్," అన్నాడాయన. "అది రాయకు."